వెనక నుంచి రాసిన పేర్లు

వఫ్రాలో శుక్రవారమే మాకు ఆదివారం.
దోస తోటల ప్లాస్టిక్ గుడారాలకు నీళ్లు విడిచి
మీటరు ముల్లు చూసి, చేతులు కడుక్కొని
నలుగురం పికప్ వెనక ఎక్కుతాం.
కువైట్ సిటీ చేరేదాకా
పళ్ల మధ్య ఇసుక కరకరమంటూనే ఉంటుంది.

పోయిన వారం పాస్టరుగారు ఒక కాగితం ఇచ్చారు.
మీ ఇంటి విశ్వాస చరిత్ర, నాలుగు తరాలు.
నాయిన పేరు రాశాను, తాత పేరు రాశాను.
పై రెండు గీతల దగ్గర పెన్ను నిలబడిపోయింది.

సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కి
మేనత్త సుగుణమ్మకు ఫోన్ కలిపాను.
"తిమోతి తాత, ఆయన మీద ఆయన నాయిన.
పుస్తకం ఉన్నదిరా, ట్రంకు పెట్టెల.
సగం చెదలు చదివినయి."

ఊరు పెట్టిన పేరు సాయిగాడు.
మెథడిస్టు దొర నీళ్లలో ముంచి లేపినంక హనోకు.
ఊరు మాత్రం ఇంకో ఇరవై ఏండ్లు సాయిగాడే అన్నది.
ఉపదేశి జీతం ఆరు రూపాయలు, హాలి సిక్కా,
అదీ మిషను వాళ్లకు గుర్తొచ్చిన నెలలో.
అందుకే మంజీర వొడ్డున రెండెకరాల చెలక.

ఉన్నది ఒకటే పుస్తకం ఆయనకు.
ముందు నుంచి చేను లెక్క,
తిరగేస్తే వెనక నుంచి సంఘం లెక్క.
అత్త ఫోటోలు పంపింది, ఒకటి తలకిందులుగా.
జొన్నలు అడ్డెడు, బాకీ, గౌండ్ల బుచ్చయ్యకు.
ఎర్రెద్దు కుంటుతున్నది, వేపనూనె రాసిన.
మార్త, మునుపటి పేరు మైసమ్మ, పిల్లలు ఇద్దరు.
పెద్దబావి కాడ కూటం. వినేటోళ్లు ఐదుగురు,
రాళ్లేసేటోళ్లు పదిమంది.

కరువు ఏడు వచ్చేసరికి
రెండు లెక్కలూ పుస్తకం నడుమ ఢీకొన్నాయి.
విత్తనాల జొన్నలు వండినం.
వచ్చినోళ్లకు కూడా పెట్టినం.
రూతు పోయింది. తొమ్మిదేండ్లు.
నాలుగోనాడు వాన పడ్డది.
దాని కింద, ఏ లెక్కలోకీ రాని ఒక మాట.
స్తోత్రం చెప్పబుద్ధి కాలేదు. చెప్పిన.

చాలాసేపు ట్యాంకు మీదే కూర్చున్నాను.
దూరంగా చమురు బావి మంట,
కింద గుడారాల్లో మోటారు చప్పుడు.
"అత్తా, ఆ రెండెకరాలు ఏమయినయి?"
ఆమె నవ్విందో దగ్గిందో తెలియలేదు.
"నీ వీసా ఎట్ల వచ్చిందనుకున్నవ్ రా?"

తెల్లారి కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను.
పై గీత మీద హనోకు, ఉపదేశి అని రాశాను.
రైతు అనే మాటకు చోటు చాలలేదు.
కాగితం పక్కకు తిప్పి
అంచు వెంబడి నిలువుగా రాశాను.
దోస తీగ పసరు వేలికి ఉండి
ఆ అక్షరాల మీద కొంచెం అంటింది.
పికప్ హారన్ కొట్టింది.
రూతుకు ఆ కాగితంలో గీత లేదు.