కారణం గడి

కాశిబుగ్గ సందులో పన్నెండో గడప.
"వయసెంతమ్మా?"
"అరవై రాసుకో బిడ్డా, పోయినసారి గూడ గదే చెప్పిన."
ఈ వీధిలో అందరి ఏళ్లూ
సున్నా దగ్గరో ఐదు దగ్గరో కూచుని
అలుపు తీర్చుకుంటాయి.

మగ్గం గుంత పూడ్చి బియ్యం డ్రమ్ము పెట్టారు.
పెద్దోడు భీవండిలో, లెక్క రోజుల్లో ఊళ్లో లేడు:
నా కాగితంలోనూ లేడు.
మేడ మీది రేకుల గదిలో బీహార్ పిల్లలు తొమ్మిదిమంది,
ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాళ్లు,
తుమ్ముకుంటూ పేర్లు చెప్పారు.
వాళ్లున్నారు.

కోడలికి ఒక్కతే ఆడపిల్ల.
"ఇంకొకరు వద్దనుకున్నం మేడం," అంది, నేనడగకముందే.
కొమురవ్వ కన్నది ఏడుగురిని, మిగిలింది నలుగురు.
రెండంకెలూ రెండు గళ్లలో వేశాను.
మధ్యలో జారిన ముగ్గురికి
గడి లేదు.

"పుట్టిన ఊరు?"
"పున్నేలు."
"వలస వచ్చిన కారణం?"
ముసలమ్మ పకపకా నవ్వింది.
"వలసేంది బిడ్డా? నేనేడికి వోయిన?
లగ్గమైంది, వచ్చిన."

పెళ్లి. కోడు నాలుగు.
సందు చివరిదాకా ఆడవాళ్లందరికీ అదే అంకె.
వలసంటే మగవాళ్ల సంచీ అనుకునేదాన్ని ఇన్నాళ్లూ,
బస్టాండులో, తాడు కట్టినది.

రాత్రి మా ఇంటి కాగితం నేనే నింపుకున్నాను.
పుట్టిన ఊరు మెట్‌పల్లి.
కారణం దగ్గర 'ఉద్యోగం' అని వేయబోయి ఆగాను.
టీచరు పోస్టు వచ్చింది
ఈ ఊరొచ్చిన పదకొండేళ్లకు.

నాలుగు వేశాను.
కొంగుకింకా మిర్చి ఘాటుంది.
తుమ్మొచ్చింది.