ఎరువు సొమ్ము

ఓబన్‌లో మంగళవారం. వాన ఏటవాలుగా కొడుతోంది.
ఆల్చిప్పల తాళ్ల మధ్య ఫెర్గస్ ముంచి తెచ్చిన ఉప్పునీళ్లు
అయొడిన్ పడగానే టీ రంగుకి తిరిగాయి.
రాత్రంతా తేరనిచ్చి, అడుక్కి దిగినవాళ్లని
ఇప్పుడు ఒక్కొక్కరినే లెక్కపెడుతున్నాను.

ఇదిగో, డైనోఫైసిస్.
కూజాలాంటి ఒళ్లు, మెడచుట్టూ గాజు పట్టీ.
ఎండని అన్నంగా వండుకునే విద్య
దీనికి పుట్టుకతో రాలేదు.
మరి, అయొడిన్ తగలని చుక్కని పక్కన పెట్టి
దీపం మార్చి చూస్తే
కడుపులో నారింజరంగు నిప్పుకణికలు!

ఎక్కడివే ఇవి అంటే, అదో దొంగల కథ.

ఒక చిన్న నాచుకణం, దానికో వంటిల్లు.
దాన్ని మెసోడినియం అనే మీసాలమారి మింగింది.
అంతా అరిగించుకుంది, వంటింటిని తప్ప.
వంటింటితో పాటు వంటమనిషి బుర్రనీ దాచుకుంది,
పొయ్యి సంగతి తెలిసింది ఆ బుర్రకే కదా.
ఆ మీసాలదానికి ఈ కూజా సన్నటి గొట్టం గుచ్చి
జుర్రుకుంది.
పొయ్యిలు ఉంచుకుంది. బుర్రని వదిలేసింది.
అందుకే రెండు నెలలు వెలిగి
ఆరిపోతాయి. మళ్లీ వేట.

పోనీ ఆ మొదటి నాచు పతివ్రతా అంటే
అదీ ఎప్పుడో ఓ ఎర్రనాచుని మింగి దాచుకున్నదే.
ఆ ఎర్రదాని పూర్వీకులు ఇంకో నీలి సూక్ష్మజీవిని.
ఫిర్యాదు రాయించడానికి
అసలు సొంతదారు దొరకడు.

తెనాలిలో నాటకాలకి నగలు అద్దెకిచ్చే మా సుందరత్త
కిరీటం తుడుస్తూ అనేది:
"ఎరువు సొమ్ము బరువు చేటంటారు గానీ
దీపాలు వెలిగాక
ఎవడిదని ఎవడడుగుతాడే?"

పసివాడికి పాలుపట్టి, పొట్ట నిమిరి
జీర్ణం జీర్ణం అంటామే,
నూటయాభై కోట్ల ఏళ్లకి ముందెప్పుడో
ఎవరో ఒకరికి ఆ మాట అనేవాళ్లు లేకపోయారు.
ఆ అరగని ముద్దే
బయట తడుస్తున్న రోవన్ చెట్టు,
గుట్ట మీద గొర్రెలు కొరుకుతున్న గడ్డి,
కిటికీలో ఇష్‌బెల్ జామ్ సీసాలో పెంచే పుదీనా.

లెక్క తేలింది. లీటరుకి నూట ఎనభై.
ఫెర్గస్‌కి ఫోన్ చేశాను.
ఈ వారం కోత వద్దు, చిప్పల్లోకి విషం ఎక్కుతుంది.
అవతల గాలి చప్పుడు, ఓ బూతు,
ఆ తర్వాత, "అందంగానైనా ఉన్నాయా ముండలు?"
ఉన్నాయన్నాను.

చివరి చుక్కలో ఒకటి రెండుగా చీలుతోంది.
దొంగసొత్తుని తూకం వేసినట్టు
చెరిసగం పంచుకుంటున్నాయి.
నేను కాసేపు లెక్క ఆపేశాను.

ఐదింటికి కొక్కెం మీది పసుప్పచ్చ వానకోటు తొడుక్కున్నాను.
వచ్చిన మొదటి వారం తడిసి ముద్దయితే
"రేపు తెచ్చిచ్చెయ్" అంటూ ఇష్‌బెల్ ఇచ్చింది.
మూడు చలికాలాలు గడిచాయి.
కాలర్ లోపల కుట్టిన పేరు ఆవిడది కాదు,
అంతకుముందు ఇంకెవరిదో, సగం చెరిగిపోయి.

జేబులో
నా ఇంటి తాళాలు.