మూర దూరం

నాది సోంపేటలో మైకుసెట్టు దుకాణం.
పెళ్లికీ చావుకీ ఒకటే యాంప్లిఫయరు,
వైర్లు మాత్రం వేరు. అది మా నాన్న పెట్టిన ఆచారం.

ముప్పై ఒక్క ఏళ్లు
కోనారి అసిరమ్మ ముందు మైకు పెట్టేను.
మొదటి రాత్రి, బారువ రేవులో గంగమ్మ సంబరం.
నోటి దగ్గరకి జరిపితే మోచేత్తో తోసేసింది.
"దూరం పెట్టు నాయనా, మూర దూరం.
సముద్రానికి అడ్డంగా పిలిసిన గొంతులు మావి.
నీ ఇనప గొట్టాం తట్టుకోనేదు."
జనం నవ్వేరు. నేనూ నవ్వేను.
రెండో చరణంలో స్పీకరు పొర చిరిగింది.

ఆ గొంతు ఆవిడొక్కర్తిదే కాదు.
వాళ్ల అమ్మమ్మ పోలమ్మ
పొద్దుగూకినా తిరిగిరాని తెప్పల్ని
ఒడ్డు మీద నిలబడి పేరు పేరునా పిలిచేదంట.
పిలవగా పిలవగా ఆ పేర్లే పాటయ్యాయంట.
మేనమామ తవిటయ్య
వల అల్లిన వేళ్లతోనే జముకు తంతి లాగేవాడు.
అందుకే అతని తాళంలో ఎక్కడో ఒక ముడి పడేది.
సరిగ్గా ఆ ముడి దగ్గరే మనుషులకి ఏడుపొచ్చేది.

ఆడది జముకు పట్టడమేటి, అన్నవాళ్లున్నారు.
వాళ్లిళ్లల్లో ఎవరైనా పోతే
మొదటి కబురు అసిరమ్మకే.
వెళ్లేది.
రేటు కాస్త పెంచి వెళ్లేది.

ఒకసారి, కతలో రాజు అడవి దారి పట్టేసరికి
కరెంటు పోయింది.
నేను జనరేటరు తాడు లాగుతున్నాను, లాగుతున్నాను.
ఆవిడ ఆపలేదు.
చివర్న ఇసకలో పడుకున్న ముసలాళ్లకి
తేడాయే తెలీలేదంట.
జనరేటరు అందుకునేసరికి
రాజు అడవి దాటేశాడు.
సిగ్గేసి సగం డబ్బులే తీసుకున్నాను.
మిగతా సగం నా జేబులో కుక్కి
"కొత్త తాడు కొనుక్కో" అంది.

తిత్లీ తుపాను నాడు కప్పు లేచిపోతుంటే
బియ్యం డబ్బా వదిలేసి
జముకుని చంటిబిడ్డలా కొంగులో చుట్టుకుని
బడి భవనంలోకి పరుగెత్తింది.
మూడు రోజులు అక్కడే. పిల్లల ఏడుపులు.
ఎవరో అడిగేరు, ఒక పాటందుకో అమ్మా అని.
అందుకోలేదు.
"ఖాళీ కడుపు మీద పాట పెట్టకూడదు,
పుండు మీద ఉప్పు అది."

ఇవాళ పెద్దకర్మ.
ఏడు క్యాసెట్లు తెచ్చేను.
అయిదు బూజు.
ఒకదాని మీద పెళ్లి బ్యాండు ఎక్కించిన వెధవని
నేనే.
ఏడోది తిరిగింది.
ముందు ఆవిడ దగ్గు, తవిటయ్య "ఊఁ", ఎక్కడో కుక్క,
అప్పుడు గొంతు లేచి, లేచి, ఇంకా లేస్తూ ఉండగా
మిషను టేపుని నమిలేసింది.
అందరూ నావైపు చూశారు,
ఆవిడ్ని రెండోసారి చంపినవాడిలా.

మనవరాలు ఎర్రమ్మడు,
రొయ్యల కంపెనీలో తలలు తీసే పిల్ల,
ఐసుకి నాని ముడతలు పడ్డ వేళ్లతో
జముకుని ఒళ్లోకి తీసుకుంది.
తంతి వదులు. బిగించింది. మళ్లీ వదులు.
మొదలెట్టింది. శ్రుతి తక్కువ, ఊపిరి తక్కువ.
రెండో పాదంలో మాట తప్పింది.

పెరట్లో అంట్ల మధ్య నుంచి
తవిటయ్య కూతురు గున్నమ్మ అరిచింది:
"ఒడ్డు కాదే బుర్రలేనిదానా, దరి! దరీ..."
బూడిద చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.
పిల్ల మళ్లీ మొదట్నుంచి.
మళ్లీ తిట్టు.
మూడోసారి వంత ఎవరందుకున్నారో నేను చూళ్లేదు,
మైకు పట్టుకుని వంగి ఉన్నాను.

పిల్ల నోటి ముందు పెట్టబోతే
చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది,
మూర దూరం.

స్పీకరు పొర కొత్తదే.
చూడాలి.