గంటకు రెండు మిల్లీలీటర్లు

తార్తూలో ఫిబ్రవరి. కిటికీ అవతల ఎమాయొగి నది గడ్డకట్టి,
దాని మీద ఎవరో స్కీలతో గీసుకుపోయిన రెండు గీతలు.
కిటికీ ఇవతల ఎనిమిది పంపులు,
ఒకదాని నడుముకు ఇంకొకటి తీగతో కట్టి
బడికి పోయే పిల్లల వరసలా బల్ల మీద.
సున్నా నుంచి ఏడు దాకా, అవే వాటి పేర్లు.

పేరు ముందు పిలవాలి, పని తర్వాత చెప్పాలి.
మూడు, రన్.
మూడు, స్టాప్.
ఎంటర్ కొట్టేదాకా ఏ మాటా మాట కాదు.
అర్థం కాకపోతే ఒక్క ప్రశ్నార్థకం పంపి ఊరుకుంటుంది.
అర్థమైతే తన అంకె, పక్కన ఒక అక్షరం:
తోస్తున్నాను. ఆగాను.

రిటైరయ్యే రోజున హెల్దూర్ అన్నాడు:
"నా కాలంలో గాజు సిరంజి, బొటనవేలు, గోడ గడియారం.
ఎంత పోశానో వేలి నొప్పి చెప్పేది.
నీకెక్కడ నొప్పి పెడుతుంది?"
నేను నవ్వి, కీబోర్డు సందుల్లోని రొట్టె పొడి ఊదేశాను.

చిన్న గాజు గిన్నెల్లో ముత్యపు చిప్పల పిల్లలు,
ఇసుక రేణువంతేసి.
ఉత్తరాన ఒకే ఒక ఏట్లో మిగిలిన ముసలి చిప్పలకు
నాలుగేళ్ళ ఎదురుచూపు తర్వాత దక్కిన సంతానం.
మారికా వాటికి పచ్చటి నాచునీళ్ళు పట్టిస్తోంది,
ఉగ్గుగిన్నెతో పట్టినంత నింపాదిగా,
గంటకు రెండు మిల్లీలీటర్లు.
గంటకైతే హెచ్. నిమిషానికైతే ఎమ్.

ఆ శుక్రవారం నేను ఎమ్ కొట్టాను.

ఐదో నంబరు తటపటాయించలేదు.
నిజంగానా, అనలేదు.
ఐదు, తోస్తున్నాను, అంది
రోజూ అన్నట్టే.
కోటు తగిలించుకుని కాఫీకి వెళ్ళాను.
క్యూలో నా ముందు ఎవరో ముసలాయన
చిల్లర ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు.

ఇరవై ఐదు గంటలు రావలసిన సిరంజి
ఇరవై ఐదు నిమిషాల్లో ఖాళీ.
గిన్నె పొంగింది, జల్లెడ గుడ్డ పక్కకు ఒరిగింది,
మిగతాదంతా సింకు చూసుకుంది.
మా ఏటి చిప్పలు నూరేళ్ళు బతుకుతాయి.
వీటికి నూరేళ్ళు నిండటానికి
నేను కాఫీ తాగినంత సేపు పట్టింది.

మారికా ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.
సింకు కిందికి దూరి గొట్టం విప్పింది,
అందులోని బురదంతా బేసిన్‌లోకి వంపుకుంది,
మైక్రోస్కోపు కింద పెట్టి
సన్నటి కుంచెతో రాత్రి పదకొండు దాకా వెతికింది.
ఆమె పలికిన అంకెలు నేను రాసుకున్నాను.
ఒకటి.
చాలాసేపటికి, రెండు.
పంతొమ్మిది దగ్గర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.
పొద్దున గిన్నెలో నాలుగు వందల పైచిలుకు.

ఇంటికి వెళ్ళకుండా లాగ్ ఫైలు తెరిచాను.
నా మాట, దాని జవాబు, మళ్ళీ నా మాట,
సెకన్లతో సహా.
యంత్రం తప్పేదైనా దొరుకుతుందేమోనని
రెండుసార్లు పైనుంచి కిందికి చదివాను.
ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు.

తర్వాత ప్రోగ్రాంలో అడ్డుగోడ కట్టాను:
రేటు హద్దు దాటితే ఆపి, మళ్ళీ అడుగుతుంది.
మారికా చదివి తలూపింది.
"మంచిదే. నువ్వు కూడా అడుగు," అంది.

మా భాషలో గంటకూ పాఠానికీ ఒకటే మాట: తుంద్.
మర్నాడు నా తెర అంచున పసుపు చీటీ,
ఆమె వంకర రాతలో ఆ ఒక్క మాట, కింద హెచ్.
ఏ అర్థంలో రాసిందో
నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఇవాళ మళ్ళీ ఐదో నంబరు వంతు.
పంతొమ్మిదిలో పదహారు ఉన్నాయి.
రెండు, హెచ్, టైప్ చేశాను.
ఎంటర్ మీద వేలు ఆనించి ఉంచాను.
బొటనవేలు కాదు, హెల్దూర్, చిటికెన వేలు.
నొప్పి ఇక్కడ.
ఐదో నంబరు ఇంకా ఆగే ఉంది.