తూజు తర్వాత

మూడు దినాలు తూజు.
ఆకాశం రాగి సంకటి రంగుకు తిరిగి
ఫర్వానియాలో ఎదురు బిల్డింగు కూడా కనపడలే.
నాలుగో రోజు పొద్దున్నే ఫోను:
"ఓబులేసన్నా, మా డబ్బా అరస్తా ఉంది,
పది నిమిషాలకోసారి ఆరిపోతా ఉంది,
బయట ఇరవై మంది నిలబడుకోని ఉండారు."

గౌసియా. రాయచోటి పక్క.
టైపింగ్ సెంటర్లో మూల కుర్చీ.
పదకొండేళ్లుగా మనోళ్ల పేర్లన్నీ
అరబీ అక్షరాల్లోకి దిద్దే మనిషి.

స్విచ్చి ఆపి, వైరు గోడలోంచి పీకి,
పవర్ బటన్ పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టినా.
"కరెంటే లేదు గదా, ఇంకెందుకు?" అనింది.
తీసేసినా లోపల కొంచెం మిగిలే ఉంటాదమ్మా,
డ్యూటీ దిగినాంక మనలో మిగిలినట్టు.

కెబినెట్ ఇనుమును ఒకసారి తాకినా.
ఈ ఏసీ గదుల్లో, ఈ కార్పెట్ల మీద
మనిషి ఒంటి నిండా కనపడని మెరుపు.
ర్యాము చావడానికి ఆ మెరుపు చాలు.
అలవాటై ఇప్పుడు
ఎవరికి చెయ్యి ఇయ్యాలన్నా
ముందు తలుపు గడియ తాకుతా.

పక్క రేకు తీస్తే
లోపల ఎడారి కాపురం పెట్టింది.
మన మన్ను మాదిరి ఎర్రగా లేదు,
మొగానికి రాసుకునే పౌడరంత మెత్తన,
ఏ దేశం నుంచి ఏ పాసుపోర్టు లేకుండా వచ్చిందో.
ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టి
బ్రష్షుతో దులిపినా.
ఊదేటప్పుడు దాన్ని ఊరికే తిరగనిస్తే
బేరింగు పోతాది.

వెనకున్న చిన్న పెట్టె మాత్రం ఇప్పను.
పనిలో చేరిన ఏడాది ఇప్పబోతే
మా ఉస్తాదు ఫెర్నాండో చెంప మీద కొట్టినాడు.
"చెడిపోతే మార్చు. తెరవొద్దు."
ఆయన కుడిచేతికి రెండు వేళ్లు ముడుచుకోవు.
ఎందుకని ఎప్పుడూ అడగలే.

దుమ్ములోంచి ఒక పిన్నీసు, రెండు కుబ్బూసు తునకలు,
నీలం గుడ్డ ముందర తీసిన
పాసుపోర్టు ఫోటో ఒకటి.
మీసాల మనిషి, కాలరు గుండీ గొంతు దాకా.
"ఎవరిదో. ఎన్నేండ్ల కిందటిదో.
దీనికోసం ఎంత వెతికినాడో పాపం," అని
గౌసియా దాన్ని కొంగుతో తుడిచింది.

ఎక్స్‌టెన్షన్లో ఎక్స్‌టెన్షన్, దాంట్లో టీ కెటిల్:
కెటిల్ తీసి వేరే గోడకు పెట్టినా.
కెబినెట్ మీది కరక్ గ్లాసును కిటికీ గట్టుకు దించినా.
కాగితం కట్టలు రెండు పెట్టి మానిటరు ఎత్తినా,
ఎండ తెర మీద పడకుండా కొంచెం పక్కకు తిప్పినా.
ఆమె కాళ్లు నేలకు ఆనడం లేదు,
ఖాళీ టోనర్ డబ్బా కిందికి తోసినా.
"మణికట్టుకు ఈ గుడ్డ కట్టుకోవడం కాదమ్మా,
మోచెయ్యి బల్లంత ఎత్తులో ఉండల్ల.
ఇంకోటి, ఇరవై నిమిషాలకోసారి
తల ఎత్తి దూరంగా దేన్నన్నా చూడు."

"ఇక్కడ దూరమేముందన్నా?"
అద్దం తలుపు అవతల
ఫైళ్లు చంకన పెట్టుకున్న మనుషులు, వాళ్ల వెనక మంగలి షాపు.
"అంతే చాలు," అన్నా.
"వాళ్ల మొకాలు నేనెప్పుడూ చూడలే," అనింది.
"ఫోటోలే చూస్తా. సైజు సరిపోయిందా లేదా అని."

డబ్బా గొంతు సవరించుకోని మొదలైంది.
నేను బల్ల కిందినుంచి లేస్తే
మోకాలు టక్కుమనింది, నడుము నిలబడలే.
"మందికి వెన్ను నిటారుగా పెట్టమంటావే,
నువ్వేందన్నా ఇట్ల వంగిపోయినావు?"
జవాబు అనబోయి
బిల్లు రాసిచ్చినా. మూడు దీనార్లు.

మెట్లు దిగి వెనక్కి చూస్తే
గౌసియా గడియారం చూసుకోని తల ఎత్తింది.
అద్దంలోంచి ఒక్కో మొకాన్నీ చూస్తా ఉంది,
చేతిలో ఆ ఫోటో.