నూట పన్నెండు మెట్లు

డాక్టరు నా మోకాలి ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టి
"ఎన్నో అంతస్తు?" అన్నాడు.
ఎనిమిదోది. వర్కెతిలిలో.
"లిఫ్టు లేదా?"
ఉంది. నాణెం వేస్తే కదులుతుంది.
కుక్క ఎక్కదు.

కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత మందులు రాస్తూ, తల ఎత్తకుండా,
"మోకాలో కుక్కో తేల్చుకో" అన్నాడు.
అరవై ఎనిమిది కిలోల బోంబోరాని
ఏ తక్కెడలో పెట్టి తూచమంటాడు?

అన్జోర్ వాణ్ని తెచ్చినప్పుడు
కోటు గుండీల మధ్య నుంచి ముక్కు ఒక్కటే కనిపించింది.
అన్జోర్ పోయి నాలుగేళ్లు.
కోటు మేకుకి ఉంది.
వాడు దాని కింద పడుకుంటే
గది మధ్యలో ఇంకో మంచం వేసినట్టుంటుంది.

ఉచితం అని మాత్రం రాయకు, అంది పక్కింటి గులికో.
ఉచితమంటే ఎలాంటివాళ్లొస్తారో నీకు తెలీదు.
ధర రాశాను. అయినా వచ్చారు.

ముర్మాన్‌కి హైవే మీద హోటలుంది.
కుక్కని చూడకముందే గొలుసు కొనుక్కొచ్చాడు.
"ఇది అరవక్కర్లేదు, గేటు దగ్గర కనబడితే చాలు."
టీ ఇచ్చి పంపించాను.

జాబా అనే కుర్రాడు దవడ కింద బొటనవేలు పెట్టి నొక్కి
ఫోన్లో ఎవరికో "ఇది పనికొస్తుంది" అన్నాడు.
వాడికి టీ కూడా ఇవ్వలేదు.

ఒక జంట వచ్చారు, చిన్నవాళ్లు,
ఆ అమ్మాయి వాడి మెడ చుట్టూ చేతులేసి కళ్లు తుడుచుకుంది.
బోంబోరా సంతోషించి తోక ఊపాడు.
రెండు కప్పులు, చక్కెర గిన్నె, అన్నీ నేల మీద.
నవ్వారు.
తర్వాత ఒకరినొకరు చూసుకుని
తమ ఒంటిగదిని, ఉయ్యాల్లో పదినెలల పిల్లాణ్ని
మనసులో కొలుచుకున్నారు.
మెట్లు దిగుతూ కూడా ఆ పిల్ల ముక్కు చీదుతూనే ఉంది.

రాచా నుంచి సియురి వచ్చింది, రెండు బస్సులు మారి.
తేనెపెట్టెలు నలభై ఉన్నాయిట, రాత్రిళ్లు ఎలుగుబంటి వస్తోందిట.
కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చుంది,
కుక్కకి వీపు పెట్టి.
పిలవలేదు, చెయ్యి చాపలేదు.
బస్సు టికెట్ల రేట్లు పెరిగాయని
నాతో మాట్లాడుతూనే ఉంది,
వాడి గడ్డం ఆమె భుజం మీదికి వచ్చేదాకా.

అప్పుడు అడిగింది:
"వీడు దేనికి భయపడతాడు?"

నెలరోజులుగా అందరూ అడిగింది
ఎవర్ని భయపెడతాడని.

చెప్పాను. అన్నీ చెప్పాను.
మూణ్ణెల్ల పిల్లప్పుడు లిఫ్టు మధ్యలో ఆగి
మూడు గంటలు చీకట్లో అన్జోర్‌తో ఉన్నాడని.
టపాకాయలకి స్నానాలగదిలో దూరతాడని, సగమే పడతాడని.
మెట్ల మీద ఎవరైనా దగ్గితే
లేచి తలుపు దగ్గరికి పోతాడని. ఆ దగ్గు అన్జోర్‌ది కాదని
వాడికి నేను ఇంకా నచ్చజెప్పలేకపోయానని.

విని, తల ఊపి,
"మా ఊళ్లో లిఫ్టు లేదులే" అంది.
డబ్బు తీయబోయింది. తీసుకోలేదు.
పుచ్చకాయ తొక్కలంటే ప్రాణం, అన్నాను.

శనివారం ఆమె తమ్ముడి వ్యాన్ వచ్చింది.
నూట పన్నెండు మెట్లు.
నేను ఒక్కో మెట్టు,
వాడు ఒక్కో మలుపు.
మలుపు మలుపుకీ ఆగి, ఎప్పట్లాగే,
తల తిప్పి నాకోసం చూశాడు.

వ్యాన్‌లో ఎండుగడ్డి పరిచి ఉంది.
ఎక్కేముందు వెనక్కి చూస్తాడనుకుని
మొహం సర్దుకున్నాను.
వాడు గడ్డి వాసన చూస్తున్నాడు.

లోపలికొచ్చి పర్సు వెతికి
ఆరేళ్ల తర్వాత మొదటిసారి
ఇరవై తెత్రీల నాణెం వేశాను.
లిఫ్టు మూలిగి, కదిలి,
ఎక్కడా ఆగకుండా ఎనిమిదికి చేరింది.
తలుపులు తెరుచుకున్నాయి.

గోడకి ఒదిగి నిలబడ్డాను,
ముందు వాడు దిగాలని.