శుక్రమూఢం

పైన ఒక్క చుక్క సూర్యుడి చాటుకెళితే
కింద గుంటూరులో నా కెమెరాకి పస్తు.
ఈ మాఘంలో ముహూర్తాల్లేవు.
బ్రాడీపేట స్టూడియో షట్టరు సగం దించి
పెళ్ళిళ్ళు తీసే లెన్సు సంచిలో వేసుకుని
ప్రత్తిపాడు దాటి ఒక మిరపకల్లంలోకి వచ్చాను,
తక్కిన చుక్కలు ఏం చేస్తున్నాయో చూద్దామని.

కల్లం కాపలా ఏసోబు.
"ఫొటో అంటివి, ఫ్లాషు ఎయ్యవా?"
వేసినా అందదు తాతా.
"మరి అయ్యి నవ్వింది నీకెట్టా తెలుస్తది?"

ధ్రువుడు ఇక్కడ ఎత్తులో ఉండడు.
చెయ్యి చాచి కొలిస్తే నేల మీంచి జానెడు,
గుంటూరు దీపాల ఆవిరి మీద
ఉడికీ ఉడకని మెతుకులా.
ఆ మెతుకు చుట్టూ తిరగాలి ఆకాశమంతా.
ముప్పై సెకన్లకొక ఫొటో. మూడు గంటలు.
స్టాండు పక్కన నేను, ఊపిరి బిగబట్టి.

కాయ ఘాటు ఊరుకుంటుందా.
నా తుమ్ముకి
సప్తర్షులు ఏడుగురూ ఉలిక్కిపడ్డారు.
"అది ముసలమ్మ మంచం అబ్బాయ్.
ముగ్గురు దొంగలు ఎత్తకపోతన్నారు.
బయల్దేరేటప్పుడు తుమ్మితివి,
పాపం, ఆళ్ళ పని చెడుద్ది."

తెల్లారి స్టూడియోలో
మూడొందల అరవై ఫొటోలు
ఒకదాని మీద ఒకటి పేర్చాను.
చుక్కలన్నీ గాజుముక్కలయ్యాయి.
ఒక్కటీ నిండు గాజు కాలేదు,
దానికి ఒక రాత్రి చాలదు.

పెళ్ళికూతురి బుగ్గ మీద మచ్చ తుడిచే బ్రష్షుతోనే
గన్నవరంలో దిగే విమానాన్ని తుడిచాను,
రోడ్డు మీది లారీల్ని తుడిచాను.
కింద, రాశుల అంచున
సన్నటి ఎర్రగీత ఒకటి మిగిలింది.
కల్లం చుట్టూ తిరిగిన ఏసోబు బీడీ.
బ్రష్షు దాని దాకా వెళ్ళి
ఊరికే నిలబడింది.

ప్రింటు తీసుకెళ్ళేసరికి రాశుల్లేవు.
కాయ యార్డుకి పోయింది.
పట్టా మీద తొడిమలు, గింజలు,
ఇంకా ముక్కులో అదే మంట.

ఏసోబు ఫొటోని కళ్ళకి ఆనించుకున్నాడు.
పైనున్నవేవీ చూడలేదు.
ఎర్రగీత మీద గోరు నడిపించాడు:
"ఇది మోటారు షెడ్డు...
ఇది తాలు పోసిన మూల...
ఇక్కడేగా పందికొక్కుని తరిమింది..."

గోరు ఒకచోట ఆగింది.
"ఇదేంది, ఇక్కడ తెగింది?"

ఇద్దరం చాలాసేపు ఆలోచించాం.

"తుమ్మొచ్చి ఉంటదిలే" అన్నాడు.